మూడు వందల పన్నెండో పేజీ

...అసలు ఏ కథలోనైనా ఆ పని ఒక్క రోజులోనే అయిపోతుంది, అదే విచిత్రం, అనుకుంటూ నరహరి హాస్టల్ మెట్లు దిగాడు. పిల్లవాడు పెద్దవాడయ్యే పని. ఒగ్గు కథలో అయితే ఏటికేడు పెరగాల్సినవాడు పూటపూటకూ పెరుగుతాడు. డోలు మీద నాలుగు దెబ్బలు పడేలోపు గుర్రమెక్కి కూర్చుంటాడు. సినిమాలో పొలం గట్టు మీద పరుగెత్తే చిన్న కాళ్ళు చూపిస్తారు, పాట ఒక చరణం దాటేసరికి అవే పెద్ద కాళ్ళు. రేడియో నాటకంలో ఒక గొంతు ఆగిపోయి ఇంకో గొంతు అందుకుంటుంది. టీవీ సీరియల్లో శుక్రవారం బడికి పోయిన పిల్ల సోమవారం పెళ్ళిచీరలో తిరిగొస్తుంది. ఇప్పటి వెబ్ సిరీసుల్లో ఆఖరి ఎపిసోడ్ చివర కుర్రవాడు హాస్టల్ గదికి తాళం వేసి, ఒక్కసారి వెనక్కి చూసి, సంచీ భుజాన తగిలించుకుంటాడు. అంతే, పెద్దవాడైపోయాడు. మరి తనకు ఆ రోజు ఎప్పుడొచ్చింది? వచ్చి ఉంటే ఆ పూట తను ఎక్కడున్నాడు? ఏ లైబ్రరీలో, ఎవరి కథ చదువుతూ కూర్చున్నాడు?

ముప్పై ఆరేళ్ళు. ఈ మధ్య అద్దంలో చెవుల పైన తెల్లవెంట్రుకలు కనిపిస్తున్నాయి గానీ అవి తనవిలా అనిపించవు. కాలేజీ నాటకంలో తండ్రి వేషం కట్టిన కుర్రవాడికి పౌడరు రాసినట్టుంటాయి.

"అన్నా, ఇయ్యాల పక్కానా?" కింద బైకు తుడుస్తున్న భానుప్రకాశ్ అడిగాడు. గది అతని పేరు మీదే ఉంది. పేరు లేని మనిషిగా, నాన్ బోర్డర్‌గా, నరహరి నాలుగేళ్ళుగా ఆ గదిలో రెండో మంచం మీద పడుకుంటున్నాడు. అంతకుముందు ఇంకొకరి గదిలో.

"పక్కా. ఐదింటికల్లా ఇచ్చేస్త."

"పోయినేడు గూడ గిట్లనే అన్నవ్. నువ్వు డాక్టర్ నరహరివి అయితే నాకు రెండో మంచం ఖాళీ అయితది. బట్టలారేసుకుంట."

నరహరి నవ్వాడు. నవ్వు ముఖం మీద ఎక్కువసేపు నిలవలేదు. పోయినేడు గడువు పెంచారు, అంతకుముందు ఏడూ పెంచారు. ఇక పెంచేది లేదని ఈసారి కాగితం మీద రాసి పంపారు. ఇవాళ సాయంత్రం ఐదింటిలోగా థీసిస్ అందకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. పైగా గైడు పార్థసారథిగారికి సర్వీసులో ఇదే ఆఖరి రోజు. నాలుగింటికి ఆయనకు వీడ్కోలు సభ, ఆలోగా ఆయన సంతకం పడాలి. పడితే పదకొండేళ్ళకు ఒక పేరుంటుంది. పడకపోతే ఆ పదకొండేళ్ళూ ఏమిటో ఎవరికీ చెప్పలేడు, తనకు తాను కూడా.

యూనివర్సిటీ గేటు దాటి తార్నాక వైపు నడిచాడు. మెట్రో స్తంభాల నీడలు రోడ్డుకు అడ్డంగా పడి ఉన్నాయి. నీడలోంచి ఎండలోకి, ఎండలోంచి నీడలోకి నడుస్తూ తన అంశాన్ని మళ్ళీ మనసులో వల్లె వేసుకున్నాడు: తెలుగు కథన మాధ్యమాల్లో యవ్వనం, ఎదుగుదల చిత్రణ. ఎప్పుడో ఇరవై అయిదేళ్ళ వయసులో ఎంచుకున్నాడు. అప్పుడు యవ్వనం గురించి రాయడానికి తనకంటే తగినవాడు లేడనిపించింది. ఉద్యమం రోజులు, మీటింగులు, ర్యాలీలు, రాత్రంతా పోస్టర్లు, పొద్దున్నే పేపర్లో ఫోటోలు. ఒక ఫోటోలో తనూ ఉన్నాడు, పొగలో పరుగెత్తుతూ, నోరు తెరిచి. కింద పేరు లేదు, 'కదం తొక్కిన యువత' అని మాత్రమే ఉంది. ఆ ఫోటోలో తను నిజానికి తప్పిపోయిన చెప్పు కోసం అరుస్తున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఫోటో చెడిపోతుంది.

శశిభూషణ్ డీటీపీ సెంటరు మెయిన్ రోడ్డు మీంచి లోపలికి, రెండో సందులో. క్యాంపస్‌లో తెలుగు థీసిస్ రాసేవాళ్ళందరికీ అదే దిక్కు. పాతికేళ్ళుగా శశిభూషణ్ తన చేతులతోనే టైపు కొడతాడు. ఆయన గొప్పతనం ఏమిటంటే చదవడు. అక్షరాలు చూస్తాడు, వేళ్ళు కదిలిస్తాడు, అర్థం జోలికి పోడు. "నేను చదువుడు మొదలువెడితే మీరెవ్వరు సబ్మిట్ చెయ్యరు" అని నవ్వుతాడు. ఆ ధైర్యంతోనే నరహరి నాలుగు రోజుల కిందట ఆఖరి అధ్యాయం చేతిరాత ప్రతి ఆయన చేతిలో పెట్టి వెళ్ళాడు.

షాపులో శశిభూషణ్ లేడు. రెండో కంప్యూటర్ ముందుండే స్వరూప ఇవాళ ఆయన కుర్చీలో ఉంది. ఇరవై మూడేళ్ళ పిల్ల. మాణికేశ్వర్ నగర్ నుంచి నడిచొస్తుంది.

"అయిపోయిందా స్వరూపా?"

"మూడొందల మూడు దాకా అయింది సార్. ప్రింటు గూడ తీసిన. గాడ పెట్టిన, చూస్కోండి."

"మిగతావి?"

"కొట్టలే."

ఆమె అతనివైపు తిరగలేదు. నరహరి గోడ గడియారం చూశాడు. ఒంటిగంట పది.

"సార్ ఎక్కడ?"

"మొన్న కన్ను ఆపరేషనైంది. మెట్టుగూడల ఇంటికాడనే ఉన్నడు. స్క్రీన్ ముట్టొద్దన్నరంట. మీ చాప్టర్ నాకిచ్చిండు." అప్పుడు తిరిగింది. "పదిహేడో నంబరు నేనే గద సార్?"

నలభై మంది యువతీయువకులను అడిగి రాసుకున్నాడు, పేర్లు లేకుండా అంకెలతో: మీరు పెద్దవాళ్ళయ్యారని మీకెప్పుడు అనిపించింది, అప్పుడు ఏ కథ, ఏ సినిమా, ఏ సీరియల్ మనసులో ఉంది? చాలామంది సినిమా డైలాగులే తిప్పి చెప్పారు. పదిహేడో నంబరును పోయిన వానాకాలం ఇదే షాపులో, ఇదే స్టూలు మీద కూర్చుని అడిగాడు. కరెంటు పోయింది. చేయడానికి ఇంకేం లేక అడిగాడు. ఆమె కూడా చేయడానికి ఇంకేం లేకనే చెప్పిందనుకున్నాడు.

స్వరూప చేతిరాత కాగితాల్లోంచి ఒకటి తీసి, వార్తలు చదివినట్టు చదవడం మొదలుపెట్టింది.

"'ఆ సాయంత్రం తండ్రి కన్నుమూసిన క్షణానే పదిహేడేళ్ళ ఆ బాలిక స్త్రీ అయింది. కన్నీళ్ళు తుడుచుకుంది. తమ్ముణ్ణి అక్కున చేర్చుకుని, నేనున్నా కదరా, అంది. అంతవరకు తెర మీద చూసిన ధైర్యం ఆమె గొంతులోంచి పలికింది.'" ఆగింది. "నేనున్నా కదరా అని నేనెప్పుడన్న సార్?"

"అది... సారాంశం స్వరూపా. థీసిస్‌లో అట్లనే రాస్తరు."

"మా తమ్ముడు నన్ను కొట్టిండు సార్ ఆ రోజు. చెంప మీద. గది చెప్పిన నేను."

"అవును."

"మరేడ వోయింది?"

నరహరి స్టూలు మీద కూర్చున్నాడు. ఎక్కడికి పోయిందో అతనికి బాగా తెలుసు. ఆ రోజు ఆమె మాటల రికార్డింగు అతని ఫోనులో ఉంది, ఒక్కసారి తప్ప వినలేదు. వాళ్ళ నాన్న హాస్టల్ మెస్సులో వంటమనిషి. మధ్యాహ్నం నుంచి ఛాతీలో మంట అంటూ పడుకున్నాడు. తల్లి పనికి పోయింది. స్వరూప పక్కింట్లో సీరియల్ చూస్తోంది. అందులో ఒక అమ్మాయి ఇల్లు వదిలి తన కాళ్ళ మీద తాను నిలబడటానికి పోతోంది, గడప దాటబోతోంది. తమ్ముడొచ్చి, నాయిన పిలుస్తుండు దా, అన్నాడు. యాడ్ వచ్చేదాక ఆగురా, అంది. వాడు మళ్ళీ వచ్చాడు. ఆగుమన్న గద, అంది. యాడ్ వచ్చింది. వెళ్ళింది. నాన్న నిద్రపోయాడనుకుంది, తమ్ముడు చెంప మీద కొట్టేదాకా. తర్వాత ఇల్లంతా ఏడుస్తుంటే ఆమె మనసులో ఒకటే తిరిగింది: ఆ పిల్ల గడప దాటిందా లేదా. తెల్లారి పాడె కడుతున్నప్పుడు కూడా అదే. తర్వాత ఆకలైంది. పక్కింటివాళ్ళు ఉప్మా పెడితే తింది.

తన మూడు వందల పేజీల్లో లేనిది ఇదొక్కటే అని విన్నప్పుడే నరహరికి అర్థమైంది. మనిషికి ఆ ఘడియ వచ్చినప్పుడు ఆ మనిషి అక్కడ ఉండడం లేదు, ఇంకెవరో ఎదగడం చూస్తూ కూర్చుంటున్నాడు. అది రాస్తే ముందు అధ్యాయాలన్నీ కూలిపోతాయి. కథలు యవ్వనానికి దారి చూపిస్తాయని నిరూపించాలి కదా తను. అందుకని ఆ రాత్రే కూర్చుని, ఆ అమ్మాయికి ఒక గొంతు, అక్కున ఒదిగే ఒక తమ్ముడు, ఒక ముగింపు కల్పించాడు. చేయి ఆగకుండా రాసింది. ఎన్నో సినిమాలు చూసిన చేయి.

"నేనది మా అమ్మకు గూడ చెప్పలే సార్," స్వరూప అంటోంది. "తమ్మునికి తెలుసు, వాడేమో ఇప్పటిదాక ఆ మాట తీయడు. మీరు రాస్తరు, పుస్తకంల ఉంటది, యాడనో లైబ్రరీల పడుంటదని చెప్పిన. పేరుండదన్నరు, మంచిగనిపించింది. ఆరేండ్ల సంది మోస్తున్న గద, ఒక్కకాడ దించినట్టుంటదనుకున్న."

"నిన్ను మంచిగ చూపించిన నేను. తప్పుగ రాయలే."

"మంచిగ చూపియ్యుమని నేనన్ననా? ఆ పిల్ల ఎవరో గాని చాన మంచిదుంది సార్. మా నాయిన ఆ పిల్ల ఒళ్ళె తల పెట్టుకొని వోయిండంట. నాకు కోపం రాలే, ఏడుపొచ్చింది. నేను గట్లెందుకు లేకుంటి అని."

ఫోను మోగింది. పార్థసారథిగారు.

"ఏమయ్యా నరహరీ, ఎంతవరకు వచ్చింది? ఇక్కడ అప్పుడే దండలు పట్టుకుని తిరుగుతున్నారు జనం."

"సార్, చివరి అధ్యాయంలో చిన్న మార్పు... పదిహేడో నంబరు పేజీ తీసేస్తే ఎట్లుంటది సార్?"

"నీకేమైనా మతి పోయిందా? ఉన్నదే అదొక్కటి కదయ్యా. మిగతాదంతా చిట్టా. నువ్వు రాసిచ్చినప్పుడు నేను ఇంటికి తీసుకెళ్ళి మా ఆవిడకి చదివి వినిపించాను, తెలుసా? ముగింపు లేని థీసిస్ మీద నేను సంతకం పెట్టను. మూడున్నరకి ఇక్కడ ఉండు." పెట్టేశారు.

స్వరూపకు ఆయన మాటలు వినిపించే ఉంటాయి, చిన్న షాపు. నరహరి లేచి, మళ్ళీ కూర్చున్నాడు. తర్వాత అతను చేసిన పని తర్వాతి ఎన్నో రోజులు అతనికి గుర్తొచ్చేదే. చేతులు పట్టుకున్నంత పని చేశాడు.

"స్వరూపా, ఇయ్యాల ఐదు దాటితే నాకేం లేదు. పదకొండేండ్లు. ఉద్యోగం లేదు, గది గూడ నాది కాదు. ఊర్ల పిలగాండ్లకు పెండ్లయి పిలగాండ్లు బడికి పోతున్నరు. నేనింక చదువుకుంటున్న అని చెప్తున్న. ఎంతకాలం చెప్పాలె? జెర నా మొఖం చూసి కొట్టు. తర్వాత సరిచేస్త, పుస్తకం వేసినప్పుడు నీది నీలెక్కనే వేస్త. ఒట్టు."

తన గొంతు తనకే వినిపించింది. సన్నగా, ముక్కులోంచి. ఫీజు కట్టలేదని బడిలో బెంచీ ఎక్కించినప్పటి గొంతు. పూర్ణిమ ఇదే గొంతు విన్నది, ఏడేళ్ళ కిందట లైబ్రరీ ముందు: ఏం చేద్దామనుకుంటున్నవ్ నరహరీ, ఇంట్ల పెండ్లి సంగతి అడుగుతున్నరు, అంటే, థీసిస్ అయిపోనీ, అన్నాడు. ఆమె ఆగింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే అన్నాడు. ఇప్పుడామె హబ్సిగూడలో ఉంటుంది. ఒకసారి మెట్రోలో కూతురితో కనిపిస్తే తను ముందు స్టేషన్లోనే దిగిపోయాడు.

స్వరూప చాలాసేపు అతన్ని చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. జ్వరం వచ్చిన పిల్లవాణ్ణి చూసినట్టు చూసింది.

"ఏడ్వకుండ్రి సార్," అంది. అప్పటికి తను ఏడుస్తున్నట్టు నరహరికి తెలియదు. "కొడత. గా ఫ్యాన్ కింద కూసోండి."

కొట్టింది. గంటన్నర పట్టింది. తన మాటలున్న మూడు వందల పన్నెండో పేజీ వచ్చినప్పుడు కూడా వేళ్ళు నెమ్మదించలేదు. ఒకచోట మాత్రం, "అకున అని రాసిండ్రు, గీడ ఒత్తు తప్పింది, సరిజేసిన" అంది. శశిభూషణ్ లాగే, అక్షరాలే చూస్తున్నట్టు. ప్రింటర్లోంచి వేడివేడి కాగితాలు తీసి, అంచులు బల్లకు తట్టి సరిచేసి, క్లిప్పు పెట్టి చేతికిచ్చింది.

"మంచిగ కావాలె సార్," అంది.

ఆ మాట వెటకారమై ఉంటే అతను ఊపిరి తీసుకోగలిగేవాడు.

ఆటోలో కూర్చున్నాక కట్టను ఒళ్ళో పెట్టుకున్నాడు. కాగితాల వేడి ప్యాంటులోంచి తొడలకు తగులుతోంది. అయిపోయింది, అనుకున్నాడు. సంతోషం కోసం లోపల వెతికాడు. సంతకం, బైండింగు, అప్పగింత, రసీదు. ఆ తర్వాత ఎపిసోడ్ ముగింపు: గది తాళం, భుజాన సంచీ, ఒక్కసారి వెనక్కి చూడటం. ఆ దృశ్యంలో తనను నిలబెట్టి చూసుకున్నాడు. బాగానే కుదిరింది. కుదరడం చూసి భయమేసింది. వెనక్కి తిరిగే ఆ మనిషికి ముఖం లేదు. ఎంత ప్రయత్నించినా అక్కడ ఆ పౌడరు వెంట్రుకల కుర్రవాడే నిలబడుతున్నాడు.

పార్థసారథిగారి గదిలో పుస్తకాలన్నీ అప్పుడే అట్టపెట్టెల్లోకి వెళ్ళిపోయాయి. బీరువాలో ఖాళీ అరలు. ఆయన కొత్త పంచె కట్టుకుని, లాల్చీ తొడుక్కుని కూర్చున్నారు.

"రావయ్యా రా. ఏమిటా చెమటలు? నీళ్ళు తాగు ముందు. మూడు నలభై, ఇంకా టైముంది." కట్ట అందుకుని నేరుగా చివరికి తిప్పారు. పెదవులు కదిలిస్తూ చదివారు. ఆయన కళ్ళు నిజంగానే తడిశాయి. నరహరి ఆ తడిని చూడలేక కిటికీ వైపు తిరిగాడు.

"'నేనున్నా కదరా' అంది. ఆహా. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఇంత మాట ఏ విద్యార్థీ తెచ్చివ్వలేదయ్యా నాకు. ఇదిగో, ఇవాళ సభలో నా ప్రసంగం ఈ పేజీతోనే మొదలుపెడతాను. మైకులో చదువుతాను. సాహిత్యం మనిషిని ఎలా నిలబెడుతుందో ఈ పిల్లని చూసి నేర్చుకోమంటాను. ఎవరయ్యా ఈ అమ్మాయి? పిలవకపోయావా?"

"రాదు సార్."

"పోనీలే. ఈ ఒక్క పేజీ నాకియ్యి, చదివాక మళ్ళీ కట్టలో పెడదాం. ముందు సంతకాలు కానిద్దాం." అలవాటుగా గుండె మీద జేబు కోసం తడుముకుని, నవ్వి, లాల్చీకి జేబు పక్కనుంటుందని గుర్తొచ్చి కలం తీశారు. దాన్ని బల్ల మీద పెట్టి ధ్రువపత్రం పేజీ కోసం మొదటికి తిప్పుతూ అన్నారు: "కొట్టివేతలు లేవుగా? కొట్టివేత ఒక్కటున్నా నేను సంతకం పెట్టనని తెలుసుగా నీకు. ఆ ఒక్క విషయంలో నేను మొండివాణ్ణి."

"తెలుసు సార్."

మూడు వందల పన్నెండో పేజీ విడిగా, బల్ల మీద, ఫ్యాను గాలికి ఒక మూల లేస్తూ పడి ఉంది. బయట సభ కోసం మైకు సరిచూస్తున్నారు. హలో, హలో, ఒకటి, రెండు. ఇంకో పది నిమిషాల్లో ఆ మైకులోంచి ఒక అమ్మాయి పుడుతుంది. తండ్రి తల ఒళ్ళో పెట్టుకున్న అమ్మాయి. క్యాంపస్ గోడ పక్కనే మాణికేశ్వర్ నగర్. మైకు శబ్దం అక్కడిదాకా పోతుంది, ఎప్పుడూ పోతుంది. ఈ సభ అయ్యాక, ఈ డిగ్రీ వచ్చాక, పుస్తకం వేసినప్పుడు, అప్పుడు... ఆ వాక్యాన్ని మనసు తనంతట తానే పూర్తి చేయబోతోంది. అలవాటైన వాక్యం. నరహరి దాన్ని పూర్తి కానివ్వలేదు. ఏమీ ధైర్యంగా అనిపించలేదు. మూత్రానికి పోవాలనిపిస్తోంది. లోపల ఏ సంగీతమూ లేదు.

"సార్, ఒక్క నిమిషం," అన్నాడు.

పార్థసారథిగారు ధ్రువపత్రం మీంచి తలెత్తారు. నరహరి బల్ల మీద ఉన్న ఆయన కలం తీసుకుని, ఎడమచేత్తో కాగితం మూల నొక్కిపట్టి, 'ఆ సాయంత్రం' దగ్గర మొదలుపెట్టి పంక్తి చివరిదాకా ఒక గీత గీశాడు.